రావులపాలెం మార్కెట్లో చేదు కాగితాలు

ఆ రోజుల్లో నాకు మనుషులకన్నా సూత్రాల మీద నమ్మకం ఎక్కువ. భీమవరంలో డిగ్రీ చదువుతున్నాను. మా జువాలజీ మాస్టారిని అందరం ‘అనుమానాల మాస్టారు’ అనేవాళ్ళం; హాజరు పలికినా ముఖం చూస్తేగానీ టిక్కు పెట్టేవారు కాదు. ఒకనాడు తలా వంద చేదు కాగితం ముక్కలిచ్చి, “జనం చేత నాకించండి. కొందరికి పుట్టుకతోనే ఈ చేదు తెలియదు. వాళ్ళెందరో లెక్క తెస్తే, దాన్నుంచి ఊళ్ళో జన్యువుల పాళ్ళు కడదాం,” అన్నారు. ప్రాక్టికల్ మార్కులన్నీ దానికే.

రావులపాలెం అరటి మార్కెట్‌కి వెళ్ళాను (మా మావయ్య అక్కడ గెలలు కొంటాడు). గెలల పక్కన కూర్చున్న మామ్మగారు కాగితాన్ని ఎగాదిగా చూసి, “ఏంటి బాబూ ఇది? నాకితే నా ఆధార్ నంబరెళ్ళిపోద్దా?” అంది.

“లేదండీ, చదువు కోసం.”

“అయితే ముందు నువ్వు నాకు.”

నాకాను. పక్కాయనా అదే మాటన్నాడు. నేను నాకి చూపించిన తర్వాత కూడా “అబ్బే, వద్దులెండి” అని జారుకున్నవాళ్ళే ఎక్కువ. మధ్యాహ్నానికి పదకొండుమంది తేలారు. మిగతా కాగితాలన్నీ నా నాలికకే ఖర్చయ్యాయి (మావయ్య పెట్టిన చక్రకేళీ కూడా చేదుగానే ఉంది).

ఇంటికొచ్చి, చేదు తెలియనివాళ్ళ వంతుకి వర్గమూలం తీస్తే ఆ జన్యువు వంతు వచ్చేస్తుందన్న సూత్రాన్ని నమ్ముకున్నాను. వందలో పదహారుమందికి చేదు తెలియదనుకుంటే వర్గమూలం చక్కగా వస్తుంది. చేదు తెలిపే జన్యువులు రెండూ ఉన్నవాళ్ళు ముప్ఫై ఆరు, ఒక్కటే ఉన్నవాళ్ళు నలభై ఎనిమిది, అసలు లేనివాళ్ళు పదహారు అని, అందర్నీ స్వయంగా లెక్కపెట్టినట్టే రికార్డులో ముచ్చటగా రాశాను.

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. “ఒక్కటున్నా చేదు తెలుస్తుంది కదరా. మరి ఈ నలభై ఎనిమిదిమందినీ ఆ ముప్ఫై ఆరుగురి నుంచి ఎలా విడదీశావు? నాలికల మీద రాసుందా?”

నిజం చెప్పేశాను. ఆదివారం కొత్త కాగితాలతో ఆయనే నా వెంట బయల్దేరారు, నన్ను నమ్మలేక.

మామ్మగారు ఆయన్ని నాకన్నా ఎక్కువ అనుమానించింది. “ముందు మీరు నాకండి.”

మాస్టారు ఠీవిగా నాకారు. మళ్ళీ నాకారు. “ఏ రుచీ లేదే! నకిలీ సరుకురా ఇది!”

మామ్మగారు ఇంకో కాగితం లాక్కుని నాకి, తుపుక్కున ఉమ్మింది. “విషంలా ఉంటే ఏం లేదంటారేంటండీ? ఈయన మాట నమ్మకండర్రా!”

ఇద్దరిలో అబద్ధం ఎవరిదో తేల్చడానికి మార్కెట్టంతా మూగింది. సాయంత్రానికి వందా పూర్తి. చేదు తెలియనివాళ్ళు మాస్టారితో కలిపి ఇరవై తొమ్మిదిమంది. వర్గమూలం ఎంతకీ తెగలేదు.

తిరుగు బస్సులో ఆయన నెమ్మదిగా, “ఇన్నేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నానురా, ఒక్కసారైనా నాకి చూళ్ళేదు,” అన్నారు.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. పిల్లల రికార్డుల్లో మరీ నున్నటి అంకెలు కనిపిస్తే అడగాల్సిన ప్రశ్న అడుగుతాను గానీ, కోపం రాదు. లోకం అంత చక్కగా లెక్కకొస్తుందని నమ్మిన ఆ కుర్రాడంటే, ఎందుకో, ఇప్పటికీ నాకు కాస్త అసూయే.