లోపలి నుంచి చూసిన చెక్కగది

నా చిన్నప్పుడు మా ఆదోని ఇంటి దూలాలకు చెదలు పట్టకుండా ఉంటే, ఈ సంగతి చెప్పుకోవలసిన పనే ఉండేది కాదు. మాది మట్టిమిద్దె. మా నాయనది పత్తి వ్యాపారం. ఇంట్లో విలువైనవన్నీ, అంటే అవ్వ పట్టుచీరలు, వెండి పళ్ళాలు, పూజ సామాను, పెళ్ళిళ్ళకు మాత్రమే బయటికి తీసే పెద్ద గంగాళాలు, నడిమింటి పక్కనున్న చీకటి గదిలో ఉండేవి. ఒక వానాకాలం ఆ గది దూలం పుచ్చిపోయి మిద్దె కుంగింది. దించి మళ్ళీ కట్టాలన్నారు. కట్టినన్నాళ్ళూ మేస్త్రీలు, కూలీలు, బండ్లవాళ్ళు ఇంట్లోకి వస్తూ పోతూ ఉంటారు. అందుకని పెరట్లో ఒక చెక్కగది నిలబెట్టి, సామానంతా అందులో పెట్టి తాళం వేద్దామని నాయన అనుకున్నాడు.

ఆ రోజుల్లో పాత మిల్లుల్లోని కాటా గదులు, కావలివాళ్ళ గదులు విప్పి అమ్మేవాళ్ళు. ఎమ్మిగనూరులో ఒక సాయిబు కలప అడితిలో అలాంటివి ఉన్నాయని తెలిసి నాయన ఒక ఉదయం బస్సుకు బయలుదేరాడు. తీరా చూస్తే అవ్వ కూడా తయారై వాకిట్లో నిలబడి ఉంది. ఆడవాళ్ళు వెంట ఉంటే బేరం సాగదని నాయనకు గట్టి నమ్మకం. "నా సామాను పెట్టే గది నేను సూడకుంటే ఎట్లా అబ్బీ?" అని అవ్వ ఆయన కన్నా ముందే బస్టాండు దారి పట్టింది. అవ్వ బయలుదేరితే నేనూ బయలుదేరినట్టే. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు ఉంటాయేమో.

అడితిలో రెండు గదులు ఉన్నాయి. ఒకటి టేకుది. ఏదో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులోంచి వచ్చిందట. కొత్తగా వార్నిషు పూసి, మూలమూలకూ ఇనుప పట్టీలు కొట్టి, పైన జింకు రేకు వేసి, అడితి వెనక ప్రహరీకి దగ్గరగా నిలబెట్టారు. పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. రెండోది మద్దిచెక్కతో చేసింది. రంగూ లేదు, రూపూ లేదు, నాలుగు బండరాళ్ళ మీద ఎత్తుగా కూర్చుని ఉంది. నాయన ఆ రెండోదాని వైపు మొహం కూడా తిప్పలేదు. టేకు గదిని వేళ్ళతో కొట్టి చూశాడు, భుజంతో నెట్టి చూశాడు. సాయిబు పట్టీలను చూపిస్తూ, ఏనుగొచ్చి గుద్దినా ఇది కదలదని హామీ ఇస్తున్నాడు.

ఎండ చురుక్కుమంటోంది. పెద్దవాళ్ళ మాటలు ఎంతకీ తెగవు. నేను మెల్లగా టేకు గదిలోకి పోయి, తెరిచి ఉన్న తలుపు వెనక మూలన కూర్చున్నాను. నేల మీద పడిన రంపంపొట్టులో వేలితో ముగ్గు వేసుకుంటూ ఉండిపోయాను. నాయన బయట తాళం సంగతి అడిగాడు. మా వైపు తాళాన్ని బీగం అంటాం. అది కొత్తరకం బీగం, నొక్కితే చాలు పడిపోతుంది, బీగంచెవి లేనిదే రాదు. అది చూపించాలనే ఉబలాటంలో సాయిబు తలుపు లాగి, గొళ్ళెం వేసి, బీగం నొక్కేశాడు. లోపల నేను ఉన్నానన్నది ఎవరికీ తెలియదు.

ఒక్కసారిగా చీకటి. బయట నాయన బీగాన్ని లాగి చూసి, "బలే గట్టిదప్పా" అని నవ్వడం వినిపించింది. ఎలాగూ తీస్తారు కదా అని నేను ఊరుకున్నాను. అంతలో "పాప యాడ?" అని అవ్వ అడిగింది. నేను లోపలి నుంచి కేక పెట్టాను. 

ఆ తర్వాత తెలిసింది అసలు సంగతి. బీగంచెవుల గుత్తి సాయిబు తమ్ముడి నడుముకు ఉంది. ఆ తమ్ముడేమో ఎవరి ఇంటికో దూలాలు వేసుకుని బండిలో గోనెగండ్లకు పోయాడు. సాయిబు తల కొట్టుకుని ఒక మనిషిని సైకిలు మీద తరిమాడు. ఆ మనిషి పోయి, అతణ్ణి వెతికి పట్టుకుని, తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతుంది.

నేను ఎంత భయపడ్డానో ఇప్పుడు చెప్పినా మీకు నవ్వులాటగానే ఉంటుంది. తలుపును రెండు చేతులతో బాదాను. గొంతు పోయేలా అరిచాను. పైన జింకు రేకు కాలి, ఆ వేడి నేరుగా నెత్తిమీదికి దిగుతోంది. వార్నిషు వాసన గుప్పుమంటోంది. బయట గడ్డపారలతో పట్టీలు పెకలించబోతే ఆ చప్పుడు లోపల ఉరుముల్లా మోగింది. పార మొన దూరడానికి ఎక్కడా సందు లేకుండా చేశారు మహానుభావులు. గొడ్డలి పెట్టినా, పైరేకు విప్పినా లోపల నా మీద పడుతుందని నాయన ఒప్పుకోలేదు. అంతకుముందు గది గట్టిదనాన్ని మెచ్చుకున్న నాయనే, "ఇంత గట్టిగా ఎందుకు సేసినావప్పా" అని సాయిబు మీద అరుస్తున్నాడు.  మధ్యమధ్యలో నాయన తలుపు దగ్గరికి వచ్చి, "బయపడొద్దు పాపా, బయపడొద్దు" అనేవాడు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా, భయపడవలసింది ఏదో ఉందని నాకు ఇంకా గట్టిగా తెలిసేది. ఊపిరి ఆడక అక్కడే చచ్చిపోతాననుకున్నాను.

అప్పుడు అవ్వ గడ్డపారలు ఆపించింది. తలుపు ముందు నేల మీద కూర్చుని, సందులో నోరు పెట్టి నన్ను పిలిచింది. ఆ గొంతులో కంగారన్నది లేదు. సంతలో చింతపండు బేరం చేసేటప్పుడు ఎలా మాట్లాడేదో అలాగే మాట్లాడింది.

"పాపా, ఎట్లా లోపలే ఉండావు గదా. ఈ గది కొనాల్నా వద్దా నువ్వు సూసి సెప్పు. మేమంతా బయటనుంచే సూసినాం. లోపలనుంచి ఎవురూ సూడలే."

నాకు గది వద్దు, బయటికి రావాలి అని ఏడ్చాను.

"బయటికి వద్దువులే. అంతలోపల ఈ పని సెయ్యి. వెల్తురు యాడాడ నుంచి వస్తాంది?"

అంత ఏడుపులోనూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కళ్ళు తుడుచుకుని చూడక తప్పలేదు. తలుపు పైన ఒక గీత. పక్క గోడలో, నా తలంత ఎత్తున, చీపురుపుల్ల పట్టేంత సందు. అదే చెప్పాను. ఆ సందులో ముక్కు పెట్టి ఏం వాసన వస్తోందో చెప్పమంది అవ్వ. పక్కన ఏదైనా కంపు ఉంటే పట్టుచీరలకు పడుతుందట. నేను పోయి ముక్కు ఆనించాను. ఎవరింట్లోనో మిరపకాయలు వేపుతున్న వాసన వచ్చింది. "సరిగ్గా సూడు, ఇంగా ఏమొస్తాంది?" అంది. పచ్చికట్టె వాసన అన్నాను. ఇంకా చూడమంది. అలా చాలాసేపు నన్ను ఆ సందు దగ్గరే నిలబెట్టింది. వాసన మిషతో నా చేత గాలి పీల్పించిందని పెద్దయ్యాక గాని నాకు తట్టలేదు.

తర్వాత గోడలు తట్టి చూడమంది. ఏ పలక గట్టిగా మోగింది, ఏది బొదబొదమంది, మేకులు లోపలికి పొడుచుకొచ్చి చీరలకు తగులుతాయా, గంగాళాలు ఏ మూలన పడతాయి, అన్నీ అడిగింది. నేను చెప్పిన ప్రతిదానికీ "ఊఁ, అది బాగుంది", "అది బాగలేదే" అని తూకం వేసినట్టు జవాబు ఇచ్చేది. నాకు తెలియకుండానే నా ఏడుపు ఆగింది. ఆ చీకటి నన్ను మింగడానికి కూర్చున్నదని కాసేపటి క్రితం అనుకున్నాను. ఇప్పుడు నేనే దాంట్లో తప్పులు వెతుకుతున్నాను.

చివరికి కింది పలకలు గోరుతో గీకి చూడమంది. మూడు వైపులా గోరు నొచ్చింది. వెనకవైపు మూలకు వచ్చేసరికి వేలు మొదలంటా లోపలికి దిగిపోయి, చేతికి మన్ను అంటుకుంది.

"అవ్వా, ఈడ మనింటి దూలం మాదిరే మెత్తగుంది."

"ఏ మూల?" అంది అవ్వ. ఆ ఒక్కసారి మాత్రం ఆమె గొంతు మారింది.

ఆ మూల అడితి ప్రహరీ వైపు ఉంది. మధ్యలో పలకలు దొంతర పేర్చి ఉండడంతో అది బయటివాళ్ళ కంట పడలేదు. అందరూ కలిసి ఆ దొంతర లాగేశారు. అంత టేకు గదికీ ఆ ఒక్క కింది పలక చోట ఎవరో నాసిరకం చెక్క అతికి, పైన వార్నిషు పూశారు. చెదలు దాన్ని డొల్ల చేసి ఉంచాయి. గడ్డపార ఒక్కసారి ఆనించగానే నానిన రొట్టెలా విరిగిపడింది. నాయన చెయ్యి లోపలికి వచ్చింది. ఆ చెయ్యి పట్టుకుని, బొక్కలోంచి పాకుతూ బయటపడ్డాను. నాయన నన్ను ఎత్తుకుని ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడడం నాకు అదే మొదలు.

సాయిబు భార్య చెంబుతో మజ్జిగ తెచ్చింది. అందరూ నా చుట్టూ మూగారు గాని అవ్వ మాత్రం రాలేదు. తలుపు ముందు కూర్చున్నది అక్కడే ఉండిపోయింది. నేను పరుగెత్తి పోయాను. లేవబోయి, తలుపు పట్టుకుని ఆగిపోయింది. రవిక మొత్తం చెమటతో తడిసిపోయి ఉంది.  సాయిబు భార్య ఆమెను రెండు చంకల కింద పట్టుకుని లేపుతూ నాతో అంది, "నీతో మాట్లాడేటప్పుడు ఒక మనిషమ్మా మీ అవ్వ, నువ్వు జవాబు సెప్పేదాకా ఇంగో మనిషి. నేనైతే సూడలేకపోయినా."

గది మాత్రం ఆ రోజే కుదిరింది. ఆ మద్దిచెక్క గదే. బీగం నొక్కితే పడేది వద్దని, చెవి తిప్పితేనే పడేది కావాలని అవ్వ పట్టుబట్టింది. పిల్ల మొహం కనపడేంత కిటికీ ఒకటి పెట్టి, దానికి ఇనుప కమ్మీలు వేయమంది. పొద్దుటి నుంచీ బిక్కచచ్చిపోయి ఉన్న సాయిబుకు అప్పుడు కాస్త నవ్వు వచ్చింది. "గంగాళాలకు గాలెందుకవ్వా?" అన్నాడు. "గంగాళాలు వాటంతకవే లోపలికి పోవప్పా. పెట్టేదీ తీసేదీ మేం గదా" అంది అవ్వ.  బస్సులో తిరిగి వచ్చేటప్పుడు అవ్వ నా చెయ్యి వదల్లేదు. నేనూ వదిలించుకోలేదు.

చాలా ఏళ్ళకు, నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక, అవ్వకు పక్షవాతం వచ్చి ఒకవైపు పూర్తిగా పడిపోయిందని కబురు వస్తే ఆదోనికి పోయాను. ఇల్లంతా తన చేతిమీదుగా నడిపిన మనిషి మంచానికి అంటుకుపోయి, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వచ్చినవాళ్ళంతా ఏం కాదులే, భయపడొద్దు అంటున్నారు. ఆమె కళ్ళు మూసుకుంటోంది.  మంచం పక్కన కూర్చుని, "అవ్వా, నువ్వు పండుకున్న కాడ నుంచి ఈ ఇల్లు ఎట్లుందో మాకెవరికీ తెల్దు. సూసి సెప్పు" అన్నాను.

అవ్వ మెల్లగా తల నా వైపు తిప్పింది. తర్వాత వంకర పోయిన నోటితో, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ, "ఆ మూల బూజు. ఎవురూ దులపలే" అంది. నేను లేచి దులిపాను. ఇంకా ఏముందని అడిగాను. గూట్లో దీపపు మసి పేరుకుందని చెప్పింది. పోయేదాకా ఆ మంచం మీద నుంచే మా ఇంట్లో అందరికీ పనులు పురమాయించింది, అందర్నీ తిట్టింది కూడా.

భయపడొద్దని నేను ఎవరికీ చెప్పను. మా వాళ్ళలో ఎవరైనా ఏ కష్టంలోనో చిక్కుకుని, ఆ తలుపు తీయడం నా చేతుల్లో లేదని తెలిసినప్పుడు, దగ్గరగా పోయి కూర్చుంటాను. లోపల ఎలా ఉందో అడుగుతాను, వాళ్ళు చూసి చెప్పేదాకా అక్కడే ఉంటాను. ఆ అడిగేటప్పుడు నా గొంతు వణకకుండా చూసుకోవడం మాత్రం ఈ వయసులో కూడా నాకు కష్టంగానే ఉంది.