స్వప్న మోకాలితో ఫిల్మ్‌నగర్ దాకా

స్వప్న మా బడి కబడ్డీ జట్టులో రైడర్, పదో తరగతి. క్రీడా హాస్టల్ ఎంపికలకు ఆమె వయసుకు ఇదే ఆఖరి ఏడాది. రెండు నెలల కిందట మండల పోటీల్లో ఆమె మోకాలు టక్కున తిరిగింది. ఆ శబ్దం గీత అవతల నిలబడ్డ నాకూ వినిపించింది. నేను ఆమె వ్యాయామ ఉపాధ్యాయురాలిని. స్ప్రే కొట్టి, క్రేప్ బ్యాండేజ్ బిగించి కట్టి, రెండో సగం ఆడించాను. గెలిచాం కూడా, ఏం లాభం! తర్వాత నూనె మర్దన, ఆకు కట్టు. వాపు దిగగానే నయమైందని మళ్ళీ మైదానంలోకి దింపాను. మూడు వారాల కిందట బడి వరండాలో నడుస్తూనే మోకాలు పక్కకు జారి కూలబడింది. అప్పుడు గానీ నా బుర్రకు ఎక్కలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు సూర్యాపేటలో స్కాన్ తీయించి, ఫిల్మ్‌నగర్‌లో ఆటగాళ్ళ మోకాళ్ళు చూసే డాక్టరమ్మ దగ్గర పేరు రాయించాను.

తెల్లవారి ఐదింటికి ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్టే. పత్తి ఏరుడు ఉందని వాళ్ళ నాన్న రాలేదు. మీరున్నారు కదా టీచర్, నాకేం ఫికర్ అన్నాడు. ఆ మాట దారి పొడవునా నన్ను పొడుస్తూనే ఉంది. ఎనిమిదింటికి ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, చెక్‌పోస్ట్ స్టేషన్‌కు చేరేసరికి తొమ్మిదిన్నర. కాలు బాగాలేనివాళ్ళతో వెళ్తే మెట్రోనే మేలు, లిఫ్టులున్నాయి.

అక్కడి నుంచి ఫిల్మ్‌నగర్‌కు ఆటో నూట ఇరవై అడిగాడు. డ్రైవర్ యాదయ్యది కృష్ణానగర్. స్వప్న మోకాలి పట్టీ చూసి, తన కుడి కాలూ సరిగ్గా మడవదని చెప్పాడు. ఒకప్పుడు సినిమాల్లో ఫైటరట. మేడ మీద నుంచి దూకితే కింద పేర్చిన అట్టపెట్టెల అంచున పడి మోకాలు తిరిగింది. ఫైట్ మాస్టర్ ఇంకో టేక్ అన్నాడు, ఈయన మళ్ళీ దూకాడు. ఆ సంగతి ఆసుపత్రిలో చెప్పలేదా అని అడిగాను.

"మెట్ల మీద జారిపడ్డ అని చెప్పిన మేడం. మాస్టర్ పేరు ఎట్ల చెప్తం? అన్నం పెట్టినోడు గదా," అన్నాడు.

స్వప్న నా పక్కన కూర్చుని ఆ మాటలన్నీ వింది. అప్పుడు నేను ఆ సంగతి పట్టించుకోలేదు.

ఆసుపత్రిలో ఫీజు ఎనిమిది వందలు. గంటసేపు కూర్చున్నాక పిలిచారు. డాక్టరమ్మ కాలు అటూ ఇటూ కదిపి, స్కాన్ వెలుతురులో పెట్టి చూశారు. లిగమెంట్ పూర్తిగా తెగింది. ఎముకల మధ్య ఉండే మెత్తటి గుజ్జు కూడా నలిగిపోయింది. ఆపరేషన్ చేయాలి, ఆ తర్వాత కనీసం తొమ్మిది నెలల వ్యాయామం. అప్పుడైనా రైడ్‌కు వెళ్ళగలదని మాట ఇవ్వలేనన్నారు. ఎంపికలు నాలుగు నెలల్లో ఉన్నాయి. స్వప్న ఏడవలేదు. నాకే కళ్ళు మసకబారాయి.

"ఒక్కసారి తిరిగితే గుజ్జు ఇంతలా నలగదే. దెబ్బ తగిలాక ఆడావా అమ్మా?" అని అడిగారు.

"ఆడలే మేడం. టీచర్ అప్పుడే కూసోబెట్టింది," అంది స్వప్న.

డాక్టరమ్మ నా వైపు తిరిగి, మంచి పని చేశారు అన్నారు. నేను తల ఊపాను. సిగ్గు లేకుండా, ఆ పిల్ల ముందే తల ఊపాను.

మధ్యాహ్నం కృష్ణానగర్‌లో ఒక మెస్‌కు వెళ్ళాం. భోజనం నూట ఇరవై, పప్పూ గోంగూరా బాగున్నాయి. వడ్డించే భీమవరం ఆవిడ మోకాలి పట్టీ చూసి, మీ అమ్మాయి డాన్సరా అండీ అని అడిగింది. ఇక్కడికి తినడానికొచ్చే డాన్సర్లలో చాలామందికి ఇలాంటి పట్టీలుంటాయట. ఆవిడ అటు వెళ్ళాక, డాక్టరమ్మకు ఎందుకట్లా చెప్పావని స్వప్నను అడిగాను.

"నాయనకు తెలిస్తే చెల్లెను ఆటకు పంపడు టీచర్. అది నాకంటే మంచిగ ఆడుతది," అంది, అన్నం కలుపుకుంటూ.

ఇరవై ఏళ్ళుగా పిల్లలకు నొప్పి ఓర్చుకోవడం నేర్పాను. నొప్పి వచ్చిందని చెప్పడం ఎప్పుడూ నేర్పలేదు. యాదయ్య చెప్పిన ఫైట్ మాస్టర్‌ను ఆటోలో లోలోపల తిట్టుకున్నాను. పూట తిరక్కుండానే ఆయనా నేనూ ఒకటే అయ్యాం. రాసిన ఇదంతా ముందుగా చదివి వినిపించాల్సింది స్వప్న నాన్నకు. తిరిగొచ్చి వారమైంది, ఇంకా వాళ్ళ ఇంటి వైపు వెళ్ళలేదు. చెల్లెలు మాత్రం నిన్న సాయంత్రం ఆటకొచ్చింది.

ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. మోకాలు ఏ రోజు తిరిగిందో, శబ్దం వచ్చిందో లేదో, ఆ తర్వాత ఎంతసేపు ఆడించారో, ఏం కట్టు కట్టించారో ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకోండి. గదిలోకి వెళ్ళగానే దాన్ని డాక్టర్ చేతికి మీరే ఇవ్వండి. పిల్లను అడిగేదాకా ఆగకండి.