రెండు వంపుల పలక

ఉదయం ఎనిమిదీ పదికి అక్క టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టి, తడిసిన చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, పలకను బొటనవేళ్లతో నొక్కింది. అది టప్‌మనకుండా మెత్తగా వంగి ఊరుకుంది.

తొంభైల చివరి సంవత్సరాలవి. మాదాపూర్‌లో అద్దాల భవనాలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. కొత్తగూడ దగ్గర ఒక రేకుల షెడ్డులో అక్క పలకలు చేసేది. నేను వాటిని మీటరుకు తగిలించి కొలిచేవాణ్ణి. రెసిన్ అనే జిగురులో తడిపిన గాజు పీచును ఒక పొర నిలువుగా, ఇంకో పొర అడ్డంగా పేర్చి ఓవెన్‌లో పెట్టేది. చల్లారేటప్పుడు పొరలు చెరోవైపు లాగి పలక వంకర తిరుగుతుంది. మిగతా చోట్ల అలాంటిదాన్ని పాడైందని పారేస్తారు. అక్కకు ఆ వంకరే కావాలి. నొక్కితే టప్‌మని రెండోవైపు వంగి, కరెంటు లేకుండానే అక్కడ నిలుస్తుంది. మీద రాగి రేకు అంటిస్తే ఆంటెన్నా అవుతుంది. ఒక వంపులో ఒక రేడియో తరంగాన్ని, రెండో వంపులో ఇంకో తరంగాన్ని పట్టుకుంటుంది.

ఎల్లుండే కొనేవాళ్లు వస్తున్నారు.

"ఇది ఆడకపోతే ఇక నీళ్ల ట్యాంకులే చేసుకుందామమ్మా. వాటికి వంగే పని లేదు" అన్నారు షెడ్డు ఓనరు. నవ్వుతూనే అన్నారు గానీ, అన్నంత పనీ చేసే మనిషి.

రాగి రేకు ఊడిందేమోనని నేను భూతద్దం తెచ్చాను.

"జర ఆగు తమ్మీ, ఏం ఊడలే. మొన్నటి సంది ముసురే కదా. నీళ్లు తాగింది."

"ఇది గూడ నీళ్లు తాగుతదా అక్కా?"

"అప్పడం మెత్తబడ్తలేదా? గట్లనే. పరేషాన్ గాకు."

చెక్క బీరువాలో పెద్ద బల్బు వెలిగించి, పలకను లోపల పెట్టి తలుపు మూసింది. ఆ తలుపు ఓనర్ని కూడా తెరవనివ్వలేదు.

అనుకున్న రోజున వచ్చినవాళ్లలో పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్క తను నొక్కి చూపించలేదు. పొద్దున్నే తీసి చల్లారనిచ్చిన పలకను ఆయన చేతిలో పెట్టింది.

"మీరే నొక్కుండ్రి సార్."

టప్. మీటరు మీద గీత రెండో తరంగం దగ్గరికి జరిగి నిలిచింది. ఆయన మళ్లీ నొక్కాడు. మళ్లీ. వాళ్లకిచ్చిన టీ చల్లారిపోయింది. పక్కాయన "నాకూ ఇవ్వండి సార్" అని చేయి చాచాడు.

వాళ్లు ఆర్డరు ఇచ్చారు, మా పని మాకు మిగిలింది. ఆ తర్వాత ఎవరు చూడవచ్చినా అక్క అంతే చేసేది. "నేను నొక్కితే నా వేళ్లల్లనే ఏదో మాయ ఉందనుకుంటరు" అనేది.

అక్క పోయి ఈ వానాకాలానికి ఏడాది. ఇప్పటి ఆంటెన్నాలు వంగకుండానే, లోపలి చిప్పులతోనే ఒక తరంగం నుంచి ఇంకోదానికి మారిపోతున్నాయి. చూడవచ్చినవాళ్లకు తెర మీద గీతలు చూపిస్తారు. ఎవరి చేతికీ ఏదీ ఇవ్వడం లేదు.