మా నాయిన ప్యాంటు వేసుకున్న ఎండాకాలం

పోయిన వారం మా అమ్మాయి ఫోన్లో ఏదో చదువుకుంటూ, నవ్వు ఆపుకుని, "అమ్మా, నువ్వు హోటలుకు ఏం కట్టుకుంటవ్?" అని అడిగింది. సెలవులకని అందరం గోవా పోతున్నాం. అక్కడ సముద్రం ఒడ్డున ఉన్న ఒక పెద్ద హోటల్లో ఒకరోజు భోజనానికి అల్లుడు టేబుల్ బుక్ చేశాడట. ఎలాంటి బట్టలు వేసుకుని రావాలో ఆ హోటలువాళ్లు ముందుగానే రాసి పంపారు. స్మార్ట్ క్యాజువల్ అట. స్మార్టు సంగతి నాకు తెలియదు కానీ, క్యాజువల్‌గా ఉండడం మాత్రం రిటైరైన దగ్గర్నుంచి బాగా అలవాటైంది. అన్నం పెట్టేవాడికి నా ఒంటి మీది బట్టతో పనేమిటని చర్రున కోపం వచ్చింది. బీరువా తెరిచి చీరల ముందు నిలబడేసరికి ఆ కోపం కాస్తా నవ్వయిపోయింది. ఈ ప్రశ్న మా ఇంటికి కొత్త కాదు మరి. దాదాపు యాభై ఏళ్ల కింద, వరంగల్ కాశిబుగ్గలోని మా ఇంట్లో ఇదే ప్రశ్న మీద నెలరోజులు పెద్ద రగడ జరిగింది.

మాది జంపఖానాలు నేసే ఇల్లు. ముందు గదంతా మగ్గానిదే, దాని చుట్టూ మిగిలిన జాగాలో మేం సర్దుకునేవాళ్లం. అన్నం గిన్నె మీద మూత పెట్టడం ఒక్క క్షణం మరిచిపోతే నూలు దుమ్ము వాలేది. నాయిన, ఆయన తమ్ముడు మా చిన్నాయిన, ఇద్దరూ ఒకే మగ్గం గుంటలో పక్కపక్కన కూర్చునేవాళ్లు. పెళ్లిళ్లలో పరిచే వెడల్పు జంపఖానా ఒక్క మనిషి చేతికి అందదు. ఈ చివర ఒకరు పోగును మోసే నాడె తోస్తే ఆ చివర ఇంకొకరు అందుకోవాలి. తాత పోయాక చిన్నాయినను పెంచింది, పదో తరగతి దాకా చదివించింది నాయినే. అట్లాంటి చిన్నాయిన ఒకనాడు వైజాగు ఓడరేవులో గుమాస్తా నౌకరీ వచ్చిందని కాగితం తెచ్చి చూపించాడు. నాయిన ఆ కాగితం వైపు కన్నెత్తి చూడలేదు. "పో. మళ్ల నాతోని మాట్లాడకు" అన్నాడు. కోపంలో అన్న మాటే, కానీ అన్నదమ్ములిద్దరిదీ ఒకే మొండితనం. ఒకాయన ఆ మాట పట్టుకుని పోయాడు, ఇంకొకాయన ఆ మాట పట్టుకునే ఇంట్లో కూర్చున్నాడు. వెడల్పు మగ్గం విప్పి అటకెక్కించారు. ఆరేళ్లపాటు నాయిన ఒక్కడే చిన్న మగ్గం మీద, ఒక్కరు పరుచుకునేంత పట్టీలు నేశాడు. తమ్ముడి ఊసెత్తిన పాపాన పోలేదు. పోస్టుమన్ సైకిల్ గంట మా గల్లీలో మోగినప్పుడు మాత్రం మా ఇంట్లో మగ్గం చప్పుడు ఆగేది. గంట దాటిపోయాక మళ్లీ మొదలయ్యేది. అది అమ్మకు తెలుసు, నాకూ తెలుసు, నాయినకే తెలియనట్టు ఉండేవాడు.

నాకు పన్నెండేళ్లప్పుడు, ఎండాకాలం సెలవులకు నెలరోజుల ముందు, ఆ గంట మా గుమ్మం ముందే ఆగింది. ఉత్తరం అమ్మ పేరు మీద వచ్చింది. చదివేది నేనే కాబట్టి గొంతు సవరించుకుని గట్టిగా చదివాను. బిడ్డకు సెలవులు ఇస్తరు గద, అందరూ రండి, సముద్రం చూపిస్త, ఇక్కడ ఒడ్డున పెద్ద హోటలుంది, లోపల ఎండాకాలం కూడ చలి పెడ్తదట, ఒకనాడు అందరం అందులో తిందాం అని రాశాడు. అమ్మ మొహం చాటంత అయింది. మగ్గం ఆగే ఉంది. చివర ఇంకో వరుస ఉంటే అదీ చదివేశాను. "అన్నకు ఒక ప్యాంటు కుట్టియ్యి వదినె. పంచె మీద అండ్ల రానియ్యరు." ఏది చదవాలో ఏది మింగాలో తెలిసే వయసు కాదు నాది. నాయిన గుంటలోంచి లేచి వచ్చి, రానియ్యని చోటికి పోవాల్సిన ఖర్మేమిటి, మన ఇంట్లో బువ్వ లేదా అని అడిగాడు. తను కట్టే పంచె తమ్ముడికి నామోషీ అయిందన్నది ఆయన బాధ. ఆయనకున్న రెండు పంచెల్లో ఒకటి చిన్నాయిన మొదటిసారి నేసి ఇచ్చినదని అమ్మ తర్వాత చెప్పింది.

అమ్మ రెండు రోజులు పోనిచ్చింది. మూడోనాడు అన్నం వడ్డిస్తూ మెల్లగా మొదలుపెట్టింది. "ప్యాంటు గురించైతేంది, రాసిండు గద. ఆరేండ్లకు రాసిండు. ఇప్పుడు పోకపోతే ఇగ రాయడు." నాయిన తల ఎత్తకుండా తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, వైజాగుకు రైలు ఎన్ని గంటలకని నన్ను అడిగాడు. పంచె మీదనే వస్తానని కూడా చెప్పాడు. అమ్మ సరేనంది. అమ్మ అంత సులువుగా సరేనన్నదంటే లోపల ఇంకేదో లెక్క ఉన్నట్టే.

ఇక గల్లీ అంతా మా ఇంట్లోనే. హోటలు గడప తొక్కినవాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు, సలహాకు మాత్రం ఎవరూ వెనక్కి తగ్గలేదు. పట్టుచీర అని ఒకామె, పట్టు పెళ్లికి గాని హోటలుకా అని ఇంకొకామె. మా పక్కింటి అత్తమ్మ హైదరాబాదులో నెలరోజులు ఉండొచ్చింది కాబట్టి ఆమె మాటే చెల్లింది. పెద్ద చోట్లకు నైలాన్ చీరే కడతారని తేల్చి, తన గులాబిరంగు నైలాన్ చీర అరువిచ్చింది. వరంగల్ ఎండకు దాన్ని ఒకసారి కట్టి చూసి అమ్మ చెమటతో తడిసి ముద్దయింది, అయినా విప్పుతూ మురిసిపోయింది. నాకు ఝాలరు చేతుల గౌను కుట్టించారు. ఇంకో రెండేళ్లు రావాలని వదులుగా కుట్టించడంతో అందులో నాతోపాటు ఇంకో పిల్ల కూడా పట్టేది. నాయిన ప్యాంటు కొలత మాత్రం, ఆయన పగటినిద్రలో ఉండగా అమ్మ దొంగతనంగా తీసింది. నూలు పోగుతో నడుముకు ఒక ముడి, పొడవుకు ఒక ముడి వేసి, ఆ పోగును నా చేతికిచ్చి చౌరస్తా దగ్గర దర్జీకి పంపింది. అప్పట్లో కింద గంటలాగ విప్పారే ప్యాంట్ల జోరు. ఎవరికి, ఎంత వయసువాళ్లకు అని దర్జీ అడగలేదు, నేను చెప్పలేదు. వారానికి ప్యాంటు వచ్చింది. పాదాల దగ్గర దాని వెడల్పు చూసి అమ్మ కాసేపు నోరెళ్లబెట్టి, తర్వాత ట్రంకుపెట్టె అడుగున దాచేసింది.

వైజాగు స్టేషన్లో చిన్నాయిన మా కోసం నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. అమ్మ అక్కడే ఏడ్చేసింది. నాయిన సామాను లెక్క పెట్టుకున్నాడు. చిన్నాయినకింకా పెళ్లి కాలేదు, ఒక్క గదిలో ఉంటున్నాడు. ఆ ఒక్క గదిలో మూడు రోజులు అన్నదమ్ములు నా నోటితోనే మాట్లాడుకున్నారు. మీ నాయినకు ఇంకో చాయ కావాల్నా అడుగు అని ఈయన, అక్కర్లేదని చెప్పు అని ఆయన. ఇద్దరూ ఒకే చాప మీద మోకాళ్లు తగిలేట్టు కూర్చుని ఉండేవాళ్లు. నాకు విసుగు పుట్టి, ఒకసారి చెప్పాల్సింది కావాలనే చెప్పకుండా ఊరుకుంటే, ఆ పూట ఇద్దరూ చాయ తాగలేదు. సముద్రం చూశాం. అమ్మ రెండు చేతులా నీళ్లు తీసి నెత్తిన చల్లుకుంది. నాయిన అంత నీటిని చూసి ఏమీ అనలేదు. అన్నా ఎవరితో అనాలి? చెప్పుకోవాల్సిన మనిషి పక్కనే ఉండీ మాట లేదాయె.

నాలుగో రోజు మధ్యాహ్నం హోటలు. అమ్మ గులాబిరంగు నైలాన్ కట్టింది. నాయిన పంచె కట్టుకుని, కండువా వేసుకుని, ఎవరేమంటారో చూద్దామన్నట్టు గోడకానుకుని కూర్చున్నాడు. చిన్నాయిన తెల్ల చొక్కా, నల్ల బూట్లు వేసుకుని వచ్చి, కాసేపు చూసి, నాతో అన్నాడు: "మీ నాయినను పంచె మీదనే రమ్మను బిడ్డా. గేటు కాడ నేను జర బతిలాడుత." నేను ఆ మాట నాయిన వైపు మోసేలోపే ఆయన లేచాడు. తన కోసం వాడు ఎవరినో బతిలాడాల్సిన పని లేదని అమ్మతో గొణిగి, పెట్టెలో ఏదో దాచావు కదా, తీయమన్నాడు. అంటే కొలత తీసిన నాడు ఆయన నిద్రపోలేదన్నమాట. ప్యాంటు వేసుకుని బయటికి వచ్చి కిందికి చూసుకున్నాడు. "రెండు కాళ్లకు రెండు లంగాలు కుట్టిండు గదనే ఆ దర్జోడు" అన్నాడు అమ్మతో. అమ్మ నవ్వలేక, ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. చిన్నాయిన అటు తిరిగి బూటు లేసు కట్టుకున్నాడు, అది ముందే కట్టి ఉన్నా.

రిక్షా దిగాక సముద్రం గాలి అమ్మ నైలాన్ చీరను నిలవనివ్వలేదు. ఆమె ఒక చేత్తో కొంగు, ఇంకో చేత్తో కుచ్చిళ్లు పట్టుకుని నడిచింది. హోటలు గుమ్మం దగ్గర తలపాగా, ఇత్తడి గుండీల కోటు వేసుకున్న మనిషి సలాం కొట్టాడు. మా అందరిలోకీ దర్జాగా ఉన్నది అతనే. అతని కాళ్ల దగ్గర్నుంచి లోపలి దాకా ఎర్ర తివాచీ పరిచి ఉంది. నాయిన టక్కున ఆగిపోయాడు. చెప్పులు విప్పాడు. ఆయన వెనక అమ్మ, అమ్మ వెనక నేను. మగ్గం మీంచి దిగినదాన్ని చెప్పుతో తొక్కకూడదని మా ఇంట్లో ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అది మా కాళ్లకే తెలుసు. నెలరోజులు గల్లీ అంతా కూర్చుని బట్టలు ఆలోచిస్తే, చివరికి మేం వట్టి కాళ్లతో నిలబడ్డాం. గుమ్మం మనిషి కంగారుపడి, "జోళ్లు ఇప్పక్కర్లేదండి, అలాగే వచ్చేయండి" అన్నాడు. నాయిన వినిపించుకోలేదు. తొడల దగ్గర బిగుతుగా ఉన్న ఆ ప్యాంటుతో ఎట్లాగో గొంతుక్కూర్చుని, తివాచీ అంచు మడిచి వెనకవైపు చూశాడు. మిషన్ మీద నేసిందేనని తనలో తను అనుకుని, "అయినా ఎవలో ఒకరు నిలవడి నేసిందే గద" అన్నాడు. లోపలి నుంచి కోట్లు వేసుకున్న ఇద్దరు మమ్మల్ని దాటుకుంటూ పోయారు. చిన్నాయిన మొహం ఎర్రబడింది. నేనాయన్నే చూస్తున్నాను. రోజూ ఆ ఊళ్లో తిరగాల్సిన మనిషి. అయిపోయింది, ఇక ఈ జన్మకు వీళ్లు మాట్లాడుకోరు అనుకున్నాను.

చిన్నాయిన గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. వంగి బూట్ల లేసులు విప్పాడు. బూట్లు తీసి, మేజోళ్లు తీశాడు. మడమలు రెండూ పొక్కులెక్కి ఉన్నాయి. ఒకటి పగిలి నెత్తురు కూడా వచ్చింది. నాయిన గొంతుక్కూర్చున్న చోటి నుంచే ఆ కాళ్ల వైపు చూశాడు.

"కొత్తయా?" అన్నాడు.

అలవాటు కొద్దీ మాట అందించడానికి నేను చిన్నాయిన వైపు తిరిగాను. కానీ నాయిన నన్ను చూడటం లేదు.

"ఔ అన్నా. నిన్ననే కొన్న. ఆరేండ్ల సంది రోజు దీని ముందటికెల్లే పోతాన, ఒక్కనాడు లోపటికి పోలే. ఒక్కన్నే పోబుద్ధి కాలే."

నాయిన లేచి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి పట్టుకుని చిన్నాయిన కుంటుకుంటూ లేచాడు. నలుగురం వట్టి కాళ్లతో లోపలికి పోయాం. గుమ్మం మనిషి మా జోళ్లన్నీ ఏరి పూలకుండీ వెనక వరసగా పెట్టాడు. లోపల నిజంగానే చలి పెట్టింది. పక్క టేబుల్ దగ్గర ఒక పెద్దాయన, మల్లెపువ్వులాంటి పంచె కట్టుకుని, హాయిగా చేత్తో కలుపుకుని తింటున్నాడు. ఆ వెనక ఇంకో ఇద్దరు పంచెలవాళ్లు. నాయిన వాళ్లను చూసి, తన ప్యాంటు చూసుకుని, పంచెను రానియ్యరని ఎవరు చెప్పారని తమ్ముణ్ణి అడిగాడు. ఎవరూ చెప్పలేదని, తనకే అట్లా అనిపించిందని చిన్నాయిన తల దించుకున్నాడు. అమ్మ ఇక ఆపుకోలేక పకపకా నవ్వేసింది. నాయిన నవ్వలేదు. తన పళ్లెంలోని కూర సగం తమ్ముడి పళ్లెంలోకి తోసి, "తిను, సల్లారుతాంది" అన్నాడు. చిన్నాయిన తింటూ మోచేత్తో కళ్లు తుడుచుకోవడం అందరం చూశాం. ఏం తిన్నామో మాత్రం నాకు ఒక్క ముద్ద గుర్తు లేదు.

చిన్నాయిన ఉద్యోగం వదల్లేదు, నాయిన వదలమనలేదు. మరుసటి ఎండాకాలం నుంచి ఆయనే సెలవు పెట్టుకుని కాశిబుగ్గకు రావడం మొదలుపెట్టాడు. నాయిన తిరిగి తిరిగి ఆయనకు సంబంధం చూసి పెళ్లి చేశాడు. తర్వాత ఇద్దరూ ఎన్నో ఏళ్లు ఒకరి మాట ఒకరు కింద పడనివ్వకుండా మాట్లాడుకున్నారు. మగ్గం సంగతీ నౌకరీ సంగతీ అన్నీ, గంటల తరబడి. ఆ ఆరేళ్లు మాత్రం ఎవరి మాటల్లోకీ రాలేదు. ఒక జత చెప్పులు, ఒక జత బూట్లు విప్పితే తీరిపోయే దూరానికి ఆ ఇద్దరికీ ఆరేళ్లు ఎందుకు పట్టిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అందుకే మా ఇంట్లో ఎవరైనా ఎవరితోనైనా మాట మానేస్తే, రెండోరోజే మధ్యలో దూరి ఇద్దరినీ తిడతాను. ఆరేళ్లు ఎంత పొడుగుంటాయో దగ్గర్నుంచి చూసినదాన్ని, ఇంకెవరినీ అంత కాలం పారేసుకోనివ్వను.