బొట్టున్న కంప్యూటర్, కమిటీ సారు

చాయ్ తాగుకుంట వినుర్రి. నవ్వితె నవ్వుర్రి గని, మా కరస్పాండెంట్ సారు చెవిల మాత్రం వెయ్యకుర్రి. మొన్న నా పరువు మొత్తం పోయింది. ఎందుకో తెల్సా? పాఠం మంచిగ చెప్పినందుకు! ఒట్టు, మంచిగ చెప్పినందుకే!

నేను బీకాం పిల్లలకు అకౌంట్స్ చెప్త గదా. మా సారుకు రెండు కాలేజీలు. జనగామల ఒకటి, మహబూబాబాద్‌ల ఒకటి. మేమైతే మానుకోటనే అంటం. వారంల సగం దినాలు ఇక్కడ, సగం దినాలు అక్కడ, బస్సుల్ల నా బతుకు తెల్లారుతది. ఈసారి రెండు కాలేజీల బీకాంకు గుర్తింపు ఇచ్చే కమిటీ వస్తున్నదని కబురొచ్చింది. అక్రెడిటేషన్! అది రాకుంటె వచ్చే యేడు అడ్మిషన్లు బంద్. అడ్మిషన్లు బంద్ అయితె నేను బంద్.

సారు పిలిచిండు. "స్వరూపమ్మా, అకౌంటింగ్ ల్యాబ్ చూస్తరట. జనగామల కంప్యూటర్లున్నయి. మానుకోటల ఏమున్నయి?"

"టేబుళ్ళున్నయి సార్" అన్న.

జరసేపు గడ్డం గోక్కున్నడు. "కమిటీ ఒక దినం ఇక్కడ, తెల్లారి అక్కడ. వాళ్ళు పొద్దున కార్ల పోతరు. మన కంప్యూటర్లు రాత్రే ట్రాలీల పోతయి. అంతే గదా!"

అప్పుడే వద్దు సార్ అంటె అయిపోతుండె. మనసుల అనుకున్న కూడ. నోట్లకెల్లి మాత్రం "సరే సార్" అనే వచ్చింది. నెల జీతం తీసుకునే నోరు గట్లనే ఉంటది మరి.

జనగామల పని మస్తు జరిగింది. కమిటీకి పెద్దాయన ఒక ప్రొఫెసర్ సారు. గోదావరి దిక్కు మనిషి, మెత్తగ మాట్లాడతడు, అందరిని గారు గారు అంటడు. ఇగ మన సంగతి తెల్సు గదా, పెద్దమనిషి ఇంటికొస్తె ఏదో ఒకటి ప్రారంభం చేపియ్యకుంటె మనకు నిద్ర పట్టది. రోజూ పిల్లలు టకటకా కొడుతున్న కంప్యూటర్‌కే పూలదండ ఏసి, కొబ్బరికాయ కొట్టించి, "సార్, మీ చేతుల మీదుగ బొట్టు పెట్టుర్రి" అన్నం. ఆయన పసుపు రాసి కుంకుమ పెడుతుంటె ఫోటో తీసేటోడు "సార్, జర ఇటు చూడుర్రి" అని ఒర్రిండు. సారు చెయ్యి జారింది. బొట్టుకు ఇంత పొడుగు తోక వచ్చింది!

"అయ్యో, అమ్మవారికి జడ వేశానే" అని ఆయనే నవ్విండు. మేమంత నవ్వినం. ఆ తోకే నా కొంప ముంచింది.

పొద్దుగూకినంక కంప్యూటర్లు ట్రాలీకి ఎక్కిస్తున్నం. మా అటెండర్ కొమురమ్మక్కను పిలిచి, "అక్కా, తడిబట్టతోని ఆ బొట్టు జర తుడువు" అన్న. అక్క నా దిక్కు ఎట్ల చూసిందంటే, నేనేదో పాపం చెయ్యమన్నట్టు!

"పూజ చేసిన బొట్టు తుడుస్తరా మేడం? గదీ ఇయ్యాల శుక్రారం పూట! నాతోని కాదు."

ట్రాలీ డ్రైవర్‌ను అడిగిన. "మా ఇంట్ల పెండ్లున్నది మేడం. నేను ముట్టనే ముట్ట" అన్నడు.

సరే, చదువుకున్నదాన్ని, నాకేం పట్టింపు అని నేనే బట్ట వట్టుకున్న. చెయ్యి స్క్రీన్ దాక పోయింది. ఎన్కనుంచి కొమురమ్మక్క మెల్లగ అన్నది, "నీ పెనిమిటి భూపాలపల్లిల డ్యూటీ గదా మేడం? రోజూ బొగ్గు లారీల నడుమ బండి మీద తిరుగుతడు గదా?"

ఇగ చెయ్యి ఆడితె ఒట్టు! ఎంకాం ఫస్ట్ క్లాస్ అంత ఎటు పోయిందో! బట్ట కింద పడేసి, ఆ కంప్యూటర్ మీద కొత్త తువ్వాల కప్పిన. ఇక్కడ్నే ఇడిసిపెడితె లెక్కల ఒకటి తక్కువైతది, అక్కడ మూలకు పెడితె ఎవలు చూస్తరు తియ్ అనుకున్న. కొడకండ్ల మీదికెల్లి పెద్దవంగర దాటి కంప్యూటర్లు మానుకోటకు చేరినయి. నేను ఇంటికొచ్చి మా ఆయనకు ఫోన్ చేసి, "బండి మెల్లగ నడుపు" అని చెప్పి పండుకున్న.

తెల్లారి మానుకోట. ల్యాబ్ తళతళ మెరుస్తున్నది. తువ్వాల కంప్యూటర్ ఆఖరి మూలకు ఉన్నది. పిల్లలంత ఇస్త్రీ బట్టలేసుకొని కూసున్నరు. కమిటీ వచ్చింది. ముందు వరుస చూస్తరు, రెండు ముచ్చట్లు అడుగుతరు, పోతరు అనుకున్న. ఎంత పిచ్చిదాన్ని! వాళ్ళు కూడ పంతుళ్ళే గదా. పంతులు యాడికి పోతడు? ఆఖరి బెంచీకే పోతడు!

ప్రొఫెసర్ సారు సీదా మూలకు నడిచిండు. "దీనికి చలేస్తోందా అమ్మా?" అనుకుంట తువ్వాల తీసిండు.

తోక బొట్టు! తళతళ!

సారు ఒంగి చూసిండు. అద్దాలు తీసి తుడుచుకొని మళ్ళ చూసిండు.

"నిన్న జనగామలో ఇలాంటిదే చూశాను కదూ?"

"ఒకటే కంపెనీ సార్" అన్న నేను. నా నోరు పాడుగాను!

"బొట్టు కూడా కంపెనీ నుంచే వచ్చిందా?"

మా కరస్పాండెంట్ సారు పైకప్పు దిక్కు చూస్తున్నడు. అక్కడేదో బల్లి ఉన్నట్టు. నేను నేల దిక్కు చూస్తున్న. భూమి పగిలితె బాగుండనిపించింది. నా కొలువు ఇయ్యాలటితోని ఖతం అనుకున్న.

ప్రొఫెసర్ సారు కోపం చెయ్యలేదు. అదే ఇంకా భయం! పిల్లల దిక్కు తిరిగి నిమ్మళంగ అడిగిండు. "బాబూ, మన దగ్గర లేనిది ఉన్నట్టు, ఉన్నది ఇంకా ఎక్కువ ఉన్నట్టు చూపిస్తే అకౌంట్స్‌లో ఏమంటారు?"

ఓరి దేవుడా, ఎవలు చెప్పకుంటె బాగుండు అని మొక్కుతున్న. రోజూ ప్రశ్న అడిగితె బెంచీ కింద దాక్కునే పిల్లలు, ఆ దినం అందరు ఒక్కసారే లేచిండ్రు.

"విండో డ్రెస్సింగ్ సార్!"

"భేష్! ఉదాహరణ?"

ముందు వరుసల అనూష లేచింది. నా బెస్ట్ స్టూడెంట్. నా ఖర్మ! "పక్కింటోళ్ళ గొలుసు ఏసుకొని పెండ్లికి పోవుడు సార్. మా మేడం చెప్పింది."

"ఆడిటర్‌కు అది దొరికితే ఏం చేయాలి?"

"మొకమాటపడొద్దు సార్! రిపోర్టుల రాయాలె! ఇది కూడ మా మేడమే చెప్పింది!"

చెప్పిన నిజమే! బల్ల గుద్ది మరీ చెప్పిన! ఒక దిక్కు నా పిల్లలని ఛాతీ పొంగుతున్నది, ఇంకో దిక్కు కొలువు పోతున్నది. ఏడవాల్నో నవ్వాల్నో తెలుస్తలేదు. అనూష నా దిక్కు చూసి, "కరెక్టే గదా మేడం?" అన్నట్టు తలూపుతున్నది. నేను కూడ ఊపిన. ఏం చేద్దును!

పగటీలి అన్నాలయినంక ఆఫీసు రూంల కూసోబెట్టి ఫైసలా చెప్పిండు ప్రొఫెసర్ సారు. జనగామకు గుర్తింపు ఇస్తం అన్నడు. మానుకోట మాత్రం సొంత కంప్యూటర్లు కొన్నంకనే మళ్ళ చూస్తరట, అప్పటిదాక అడ్మిషన్లయితె బంద్ చెయ్యరట. "ల్యాబుకు మార్కులు వేయలేను. ఆ పిల్లల జవాబులకు వేయకుండా ఉండలేను" అన్నడు. నా కొలువు నిలవడ్డది! కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. మా కరస్పాండెంట్ సారు కండ్లల్ల కూడ తిరిగినయి గని, గవి కొత్త కంప్యూటర్ల ధర గుర్తొచ్చి.

లేచి దండం పెట్టిన. "మీ దయ సార్" అన్న.

"దయ కాదమ్మా, రిపోర్టులో ఒక సలహా కూడా రాశాను" అన్నడు పెద్దసారు. "మేడం గారి పాఠం చాలా బాగుంది. మేడం గారు కూడా ఒకసారి ఆ క్లాసులో కూర్చుంటే మంచిది."

ఏం చెప్పాలె చెప్పుర్రి! ఇన్నేండ్ల సంది పిల్లల అటెండెన్స్ తక్కువున్నదని ఒర్రుకుంట తిరిగిన. అసలు క్లాసుకు డుమ్మా కొట్టింది నేనొక్కదాన్నే!