ఎత్తకూడని ఫోను

విదేశంలో ఉన్నవాడు ఫోను చేసినా డబ్బే, ఎత్తినా డబ్బే. ఊరికే మోగితే మాత్రం పైసా పోదు. ద్వారకా నగర్‌లో సిమ్‌కార్డులమ్మే షాపాయన ఈ ముక్క చెప్పినప్పుడు, ఎనిమిదో తరగతిలో బడి ఎగ్గొట్టి మళ్లీ అటు తిరిగి చూడని నా బుర్రకి కూడా ఠక్కున ఎక్కేసింది. మా లెక్కల మేష్టారు ఇంత బాగా చెప్పుంటే నేనీపాటికి కలెక్టర్నై ఉండేవాణ్ని.

నేను వెల్డర్ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, సింగపూర్‌లో ఓడలు బాగుచేసే యార్డుకి పనికి వెళ్లాను. అప్పటికి మా ఆవిడ కడుపుతో ఉంది. బయల్దేరే ముందు ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. డ్యూటీ దిగాక నేను రెండు రింగులిచ్చి ఆపేస్తాను. తను ఒక్క రింగిచ్చి ఆపేస్తుంది. అంటే ఇక్కడా అక్కడా అందరూ క్షేమం. ఎవరూ ఎత్తకూడదు. ఆగకుండా మోగిందంటే మాత్రం ఏదో అయిందని అర్థం.

"నీ నోరు మూయించడానికి ఇన్నాళ్లకి ఒక మిషను దొరికింది మావా," అంది తను.

ఆ ఒక్క రింగు కోసం రోజంతా ఎదురుచూసేవాణ్ని. నాతో గదిలో గాజువాక నుంచి వచ్చిన ఫిట్టరొకడు ఉండేవాడు. రింగు రాగానే, "ఏటి బావా, మా సెల్లి ఈరోజు కోపంగా మోగింది? జీతం పంపలేదేటి?" అని ఏడిపించేవాడు. "కోపం కాదురా, అది ముద్దు," అనేవాణ్ని. అలా నెలలు గడిచిపోయాయి. రింగులతోనే పోట్లాడుకున్నాం, రింగులతోనే సర్దుకున్నాం.

ఒక సాయంత్రం నా రెండు రింగులకి జవాబు రాలేదు. మళ్లీ ఇచ్చాను. రాలేదు. మూడోసారి ఆపకుండా మోగించాను. ఎవరూ ఎత్తలేదు. నెలలు నిండిన మనిషి. చేతిలో ఉన్న అన్నం పొట్లం విప్పబుద్ధి కాలేదు.

"సార్జింగ్ అయిపోయుంటాది బావా, తిను," అన్నాడు ఫిట్టరు.

"సార్జింగ్ అయిపోతే మోగదు కదరా."

సింహాచలం అప్పన్నకి తలనీలాలు ఇస్తానని మొక్కేశాను. నా నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకలకి స్వామి ఒప్పుకుంటాడో లేదోనని కూడా అనుమానం వచ్చింది. భయంలోనూ నా బుర్ర వేళాకోళమే ఆడుతుంది, అది దాని రోగం.

అప్పుడు ఫోను మోగింది. మా ఆవిడ సెల్లు నంబరే. ఒక రింగు. ప్రాణం లేచొచ్చింది. రెండో రింగు. మూడో రింగు. ఆగలేదు.

ఎత్తాలి. ఎత్తమని నేనే చెప్పిన గుర్తు అది. నా చెయ్యి మాత్రం కదల్లేదు. సిమ్ములో ఉన్నది రెండు మాటలకి సరిపడా డబ్బు, అది అయిపోతే ఇక రింగు కూడా రాదు, అని నాకు నేనే చెప్పుకున్నాను. డబ్బు వంక మాత్రమే. ఎత్తనంతసేపూ నా పెళ్లాం బతికే ఉంటుంది, అదీ అసలు సంగతి.

"ఎత్తవేటి బావా!" అంటూ ఫిట్టరు ఫోను లాక్కున్నాడు. "ఆఁ... ఆఁ అమ్మా... నాను ఆడి రూమ్మేట్నమ్మా... ఆఁ..." అంతలో డబ్బులైపోయి లైను పోయింది.

"మీ అత్త. ఆడపిల్లంట బావా! ఇద్దరూ బాగున్నారంట. మిఠాయిలు పంచు!"

"ఇంకేటంది?"

"ఏటీ లేదు. నువ్వు తిన్నావా అని అడిగింది."

మా వైపు కబురు చెప్పే పద్ధతి వీడికి తెలియనిదా? మనిషి పోయాడని ఎవరూ తిన్నగా చెప్పరు. ముందు తిన్నావా అని అడుగుతారు. తినలేదంటే అన్నీ బాగున్నాయంటారు. నాలుగు మెతుకులు లోపలికి వెళ్లాకే నోరు విప్పుతారు. మా నాన్న పోయిన రోజున నాకు ఉప్మా పెట్టి, మంచినీళ్లు తాగించి, అప్పుడు చెప్పారు. ఇప్పటికీ ఉప్మా ముట్టుకోను.

"అందరూ అడుగుతారు బావా ఆ మాట," అన్నాడు ఫిట్టరు. వాడి గొంతు కూడా తగ్గింది.

వీధి చివర కొట్టుకి పరిగెత్తి కాలింగ్ కార్డు కొన్నాను. పక్కనే ఉన్న కాయిన్ బాక్సులో నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను. మూడోసారికి మా అత్త ఎత్తింది.

"నాయనా, తిన్నావా?"

"తిన్నాను," అని అబద్ధమాడాను, చెప్పేది ఇప్పుడే చెప్పేస్తుందని. "దానికి ఇయ్యి అత్తా ఫోను."

"పడుకుంది నాయనా."

"లేపు."

"ఇప్పుడు లేపకూడదు నాయనా..."

"అత్తా, ఉందా?" అన్నాను. అవతల ఏడుపు వినబడింది. కార్డులో డబ్బు కరిగిపోతోంది.

ఏదో గరగర చప్పుడైంది. ఆ తర్వాత, నూతిలోంచి వచ్చినట్టు ఒక గొంతు.

"ఎందుకు మావా మా అమ్మని ఏడిపిత్తన్నావ్?"

రిసీవరు చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

"రక్తం ఎక్కిత్తన్నారు నాకు. సాలా పోయిందంట. నీకు సెప్పొద్దని ఇక్కడందరూ ఒట్టేసుకున్నారు. ఇప్పుడు పరవాలేదన్నారు డాక్టరమ్మ." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఎన్నిసార్లు మోగించావేటి? అమ్మకి ఫోను నొక్కడం రాదని తెలీదా? ఇందాకే నర్సమ్మ సూపిత్తే నేర్సుకుంది. ఒట్టి బుర్రలేని..."

అది తనే. ఒట్టేసుకున్నవాళ్లు ఎవరిచేతైనా తన గొంతు పెట్టించగలరేమో గానీ, ఆ తిట్టు పెట్టించలేరు.

"ఇంకా తిట్టు," అన్నాను.

"కార్డు అయిపోద్ది."

"అవనీ. తిట్టు."

ఓపిక లేని గొంతుతోనే, నా చదువు దగ్గర మొదలుపెట్టింది.