ఏప్రన్‌కు జరీ అంచు

మొన్న ధర్మవరం నుంచి బెంగళూరు రైల్లో పక్కసీటాయన ఫోన్లో వీడియో చూస్తున్నాడు. ఫ్రీమేసన్లనే సంఘంవాళ్ళు లోకాన్ని చాటుగా ఏలుతున్నారట! నాకు నవ్వాగలేదు. నేనూ ఫ్రీమేసన్‌నే. మా ఇంట్లో టీవీ రిమోటే నా చేతికి రాదు, ఇక లోకాన్ని ఏలడమా! లాడ్జిలో, అంటే మా సభామందిరంలో, చేరిన రోజున తెల్లని తోలు ఏప్రన్ ఇచ్చారు. అది కట్టుకుని కూర్చోవాల్సిన తొలి సమావేశానికి ఇదే దారిన వెళ్ళిన రోజు గుర్తొచ్చింది.

చేరతానన్నప్పుడు పట్టుచీరలు నేసే మా నాయన నెలల తరబడి మొహం మాడ్చుకున్నాడు. "ఆడ చేర్తే మన దేవుణ్ణి ఇడిసిపెట్టమంటారేమోరా?" అని భయం. దేవుణ్ణి నమ్మనివాణ్ణే చేర్చుకోరనీ, ఎవరి దేవుడు వాళ్ళకేననీ, లోపల మతం, రాజకీయం ఎత్తకూడదనీ నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది. చివరికి మెత్తబడి, హిందూపురంలో చీరలు ఇచ్చే పని పెట్టుకుని మరీ నాతో రైలెక్కాడు.

పెనుకొండ కోట కనబడగానే నాకు ఊపొచ్చింది. యూరప్‌లో ఇలాంటి కోటలూ, చర్చిలూ కట్టిన రాతిపనివాళ్ళ సంఘాల నుంచే ఇది పుట్టిందంటారని మొదలుపెట్టాను. తర్వాత ఉలి పట్టనివాళ్ళూ చేరి ఆ పనిముట్లకు అర్థాలు చెప్పుకున్నారు. మూలమట్టం అంటే నడత సూటిగా ఉండటం, కంపాస్ అంటే కోరికలకు హద్దు గీసుకోవడం. అన్నదమ్ముల్లా మెలగాలి, కష్టంలో ఉన్నవాళ్ళకు సాయపడాలి, నిజం పలకాలి. నాయన ముసిముసిగా నవ్వి, "బ్యాగు తెరిచి సూడు" అన్నాడు.

తెరిచాను. ఏప్రన్ చుట్టూ ధగధగలాడే జరీ అంచు!

"అంచు లేకుండా నలుగురిలోకి యెట్ల పోతావప్పా? రెండు దినాలు కూచోని కుట్టినా."

కొత్తగా చేరినవాడి ఏప్రన్ మీద ఒక్క పోగైనా ఉండకూడదు. ఉంచితే లోపలికి రానివ్వరు. విప్పితే ఇన్నాళ్ళకు కరిగిన నాయన మనసు విరుగుతుంది. నిజం పలకాలని ఇప్పుడే ఉపన్యాసం ఇచ్చాను కదా, చెప్పేశాను.

నాయన జరీ మీద వేలు రాశాడు. "జడ్జీ చేరినా ఉత్తదేనా?"

"ఉత్తదే. అందరూ ఒకటేనని."

"నేను చేరినా?"

"నువ్వు చేరినా అంతే నాయనా."

"సరేలే, ఇట్టియ్యి" అని జేబులోంచి చిన్న కత్తెర తీశాడు.

హిందూపురం వచ్చేలోగా కుట్లన్నీ విప్పాలి! ఆయన కత్తిరిస్తున్నాడు, నేను దారాలు లాగుతున్నాను. "ఏమబ్బా, పెండ్లికి పోతాండారా?" అంటూ బోగీలోవాళ్ళు మూగారు. రైలు ఆగుతుండగా చివరి కుట్టు ఊడింది. నాయన అంచు చుట్టి జేబులో పెట్టుకుని, "బాగా జరుగుతాదిలే" అని నా భుజం తట్టి దిగిపోయాడు.

మా సంఘంలో మూడు మెట్లు. మూడోది ఎక్కినవాడి ఏప్రన్‌కు నీలం అంచు ఉంటుంది. నాకది వచ్చేనాటికి చూడటానికి నాయన లేడు. లాడ్జి నాకొక అంచు ఇవ్వడానికి ఏళ్ళు పట్టింది, నాయనకు రెండు దినాలు చాలాయి.